ఆండాళమ్మ ఇంటి మెట్టు

2022 ఆగస్టు. అరియాంకుప్పం దాటి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఊళ్ళో వీధి రోడ్డు కొత్తగా వేసే పని నాకు అప్పగించారు. నేను పుదుచ్చేరిలో రోడ్ల విభాగంలో జూనియర్ ఇంజనీరుని. పని పెద్దదేమీ కాదు. అర కిలోమీటరు తారు రోడ్డు, రెండు పక్కలా కలిపి నలభై ఇళ్ళు. మా భాషలో దీన్ని ఓవర్‌లే అంటాం. అంటే పాత రోడ్డును కదిలించకుండా దాని మీదే మరో పొర తారు పరచడం. నాలుగు రోజుల్లో ముగించుకుని వచ్చేయవచ్చనుకున్నాను.

మొదటి రోజు సున్నంతో గుర్తులు పెట్టిస్తుంటే, ఒక ఇంటి తిన్నె మీద కూర్చుని మల్లెలు కడుతున్న ముసలామె గొణగడం వినిపించింది. మా మనుషులంతా తమిళంలో మాట్లాడుకుంటున్నారు. ఆమె గొణుగుడు మాత్రం తెలుగులో సాగుతోంది.

"మళ్ళా వచ్చినారు. ఇంకో జానెడు ఎత్తు చేసి పోతారు. మనం బాయిలో కాపురం చేయాల."

మాది పుదుచ్చేరి ఒర్లియంపేటలో తెలుగు మాట్లాడే ఇల్లు. వినీ విననట్టు పోలేకపోయాను.

"ఏంది అవ్వా, బాయి అంటున్నారు?"

ఆమె చేతిలో దారం ఆగింది. నన్ను ఎగాదిగా చూసింది.

"తెలుగామెవా? అయితే నేరుగానే అడుగుతా. నాలుగేండ్ల ముందు గొడుగు పట్టుకోని నిలబడి ఈ రోడ్డు ఏయించింది నువ్వే కదా? నా వాకిట్లో ఒకప్పుడు రెండు మెట్లుండె. యాడ అవి?"

అవును, నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేయించిన రోడ్డు అది. అప్పుడు ఈ వీధిలో ఆరు రోజులున్నాను. ఒక్క ఇంటి గడప కూడా తొక్కలేదు. 

ఆమె పేరు ఆండాళమ్మ. లోపలికి రమ్మంది. నడింట్లో గోడ మీద మోకాలి ఎత్తున నీటి చార ఉంది. క్రితం ఏడు అక్టోబరు, నవంబరుల్లో, తమిళుల ఐప్పసి నెల వానలకు రోడ్డు మీది నీళ్ళన్నీ ఇంట్లోకి వచ్చేశాయట. అప్పటికి ఆమె కోడలు పది రోజుల బాలింత.

"మంచం కింద ఇటుకలు పెట్టి లేపినాం. బిడ్డను ఒళ్ళో పెట్టుకోని మూడు దినాలు ఆ పిల్ల మంచం దిగలేదు. నేను నీళ్ళు తోడతానే ఉండా. ఇప్పుడు సెప్పు మా, నువ్వు రోడ్డు ఎవురికి ఏస్తా ఉండావు?"

అక్కడే నిలబడి బయటికి చూశాను. గడప ఎక్కడ ముగిసిందో, రోడ్డు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గడప అవతల మా రోలరు నిలబడి ఉంది, ఇంట్లోకి దొర్లి వచ్చేస్తుందా అన్నట్టు. నేను వేయించిన రోడ్డును ఆ వైపు నుంచి చూడటం అదే మొదలు.

మధ్యాహ్నం ట్రయల్ పిట్ తీయించాను. రోడ్డు లోపల ఏముందో చూడటానికి తవ్వే గుంట అది. లోపల ఐదు తారు పొరలు, దోసెలు పేర్చినట్టు. అన్నిటికన్నా పైది నాది.

సాయంత్రం మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. పాత పొరలన్నీ పెకలించి, మట్టం దించి, రోడ్డు కొత్తగా వేద్దామన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కస్తూరీ, వానలకు ఇంక రెండు నెలలు కూడా లేవు. తవ్వాక మధ్యలో వాన పడితే ఊరంతా బురద. ఆంబులెన్సు కూడా లోపలికి పోవడానికి ఉండదు. అప్పుడు అందరూ నీ పేరే చెబుతారు."

"ఇప్పుడు కూడా నా పేరే చెబుతున్నారు సార్."

ఆయన కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి అన్నారు: "సెప్టెంబరు ఆఖరుకు తారు పడాలి. పడకపోతే నేనూ నిన్ను కాపాడలేను."

అసలు చిక్కు తర్వాత బయటపడింది. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా ఇళ్ళకు వెళ్ళే నీటి గొట్టాలను పైపైనే మార్చి వేశారు. అవి తారు పొరల మధ్యే ఉన్నాయి. జేసీబీ పంటి గాటు పడితే నలభై ఇళ్ళకూ నీళ్ళు ఆగిపోతాయి. ముందు వాటిని లోతుకు దించాలి. నీటి విభాగం ఫిట్టరు ధనపాల్ తల అడ్డంగా ఊపాడు.

"మేడం, ఉన్నది నేనూ, ఒక హెల్పరూ. నలభై ఇళ్ళ ముందర తవ్వడానికే నెలన్నర పడుతుంది."

నెలన్నర అంటే సెప్టెంబరు దాటిపోతుంది. ఆ రాత్రి క్యాలెండరు ముందు పెట్టుకుని రోజులు లెక్కపెట్టాను. తొందరపడి ఆ గడువుకు ఒప్పుకున్నానేమో అనిపించింది.

మర్నాడు విషయం ఆండాళమ్మకు చెప్పాను. ఆమెకు అందులో చిక్కేమీ కనిపించలేదు.

"తవ్వేది మేం తవ్వుకుంటాం. అతికించేది ఆయప్పను అతికించమను. ఎంత లోతో సెప్పు."

ఒక వెదురు కర్ర తెచ్చి ఇచ్చింది. లోతు కొలిచి ఎర్ర దారం కట్టాను. తెల్లారేసరికి వీధంతా గునపాల చప్పుడు. ఎవరి ఇంటి ముందు వాళ్ళు తవ్వుతున్నారు. ఆండాళమ్మ కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగి, దారం దాకా దిగితే గానీ ఒప్పుకోలేదు. కొత్తగా ఎత్తున ఇల్లు కట్టుకున్న మూల ఇంటాయన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా ఇంట్లోకి నీళ్ళు రావు పెద్దమ్మా. నాకేం పని?"

"నీ ఇల్లు ఎత్తే నాయనా. నీ వాకిట్లో నిలబడని నీళ్ళే మా ఇండ్లలోకి వస్తా ఉండేది."

ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. లోపలికి పోయి గునపం తెచ్చుకున్నాడు. తన ఇంటి ముందు ముగించాక పక్కింటి వాళ్ళది కూడా తవ్వి పెట్టాడు.

తొమ్మిదో రోజు ధనపాల్ వాల్వు తిప్పాడు. నలభై కుళాయిల్లో నీళ్ళు పడ్డాయి. ఒక్క అతుకూ కారలేదు. ధనపాల్ ముఖం తుడుచుకుంటూ, "ఇట్లాంటి హెల్పర్లు నాకు ముందెప్పుడూ దొరకలేదు మేడం" అన్నాడు.

తర్వాత జేసీబీ దిగింది. ఆండాళమ్మ ఇంటి ముందు దాన్ని ఆపించి చేత్తో తవ్వించాను. తారు పెళ్ళలు లేచిపోయి నల్లరాతి మెట్టు బయటపడింది. ఆమె చెంబెడు నీళ్ళు పోసి కొబ్బరి పీచుతో రుద్దింది. కొత్త కంకర, తారు పడ్డాక కూడా ఆ మెట్టు పూర్తిగా పైనే ఉంటుందని లెక్క వేసి చూపించాను.

"రెండోది పైకి తేలేకపోయాను అవ్వా."

"ఒకటి సాలు మా. తిన్నె మీద కూర్చోని కాళ్ళు కిందికి ఏలాడేసి ఎన్నేండ్లాయె!"

సెప్టెంబరు ఆఖరి వారంలో తారు పడింది. నడుమ కాస్త ఎత్తుగా, పక్కలకు వాలుగా వేయించాను. క్యాంబర్ అనే ఆ వాలు ఉంటేనే వాన నీళ్ళు నిలవకుండా పక్క కాలవల్లోకి దిగుతాయి. అక్టోబరులో మొదటి పెద్ద వాన పట్టిన రోజు ఆఫీసులో కూర్చోలేక రెయిన్‌కోటు వేసుకుని స్కూటరు మీద వెళ్ళాను. వీధి జనమంతా తిన్నెల మీదే ఉన్నారు. నీళ్ళు రోడ్డు నడుమ నుంచి రెండు పాయలుగా విడిపోయి రెండు పక్కల కాలవల్లోకి దూకుతున్నాయి.

"పోతా ఉండాయి! సూడండి, పోతా ఉండాయి!" అని ఆండాళమ్మ అరుస్తోంది. ఎదుటి తిన్నె మీది వాళ్ళు ఈలలు వేశారు. వానలో నిలబడి నేనూ ఏదో అరిచాను. ఏమని అరిచానో ఇప్పుడు గుర్తులేదు.

సర్వేలో మట్టాలు రాసుకునే పుస్తకాన్ని లెవెల్ బుక్ అంటాం. రోడ్డు నడుమ, రోడ్డు అంచు, కాలవ, ఇంతే ఉండేవి అందులో వరసలు. ఆ పని తర్వాత నేను చేత్తో మరో వరస గీసుకోవడం మొదలుపెట్టాను: ఇంటి గడప. ప్రతి తలుపూ తట్టి, ఆ ఇంటివాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడితే గానీ ఆ వరస నిండదు. వాళ్ళు ఏళ్ళ తరబడి గమనించినవి మా పరికరానికి అందవని నేను నేర్చుకున్నది అక్కడే. మరుసటి ఏడు మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నా పుస్తకం తిరగేసి చూసి ఇచ్చేశారు. నెల తర్వాత మా విభాగంలో అందరికీ పంచిన కొత్త లెవెల్ బుక్కుల్లో ఆ వరస అచ్చయి ఉంది.