బట్టీ ముందు బొమ్మ దయ్యాలు

మొన్న పులివెందులలో మా చెల్లెలి ఇంట్లో ఉండగా, ఆమె కోడలు మధ్యాహ్నం పని ముగించుకుని టీవీలో ఏదో విదేశీ వంటల పోటీ పెట్టింది. దయ్యాల బొమ్మలు కొన్ని పుర్రె ఆకారంలో చేసిన కేకులను రుచి చూస్తూ, ఓడినవాళ్ళను శవపెట్టెలోకి పొమ్మంటూ, ఒకదాన్నొకటి ఎగతాళి చేసుకుంటున్నాయి. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. చెల్లెలు మాత్రం నా ముఖం చూసి గబగబా టీవీ ఆపబోయింది. వద్దులే, ఉండనీ అన్నాను. నాకు నవ్వూ రాలేదు, దుఃఖమూ రాలేదు. అంతసేపు చేయి పైకెత్తి ఆ బొమ్మలను ఆడించేవాళ్ళకు భుజాలు ఎంత లాగుతుంటాయో కదా అని మాత్రం అనిపించింది. ఆ పని నేనూ చేశాను.

మన ఈడువాళ్ళకు లోకల్ కేబుల్ చానళ్ళు గుర్తుండే ఉంటాయి. రాష్ట్రం విడిపోయిన కొత్తలో ప్రొద్దుటూరు నుంచి అలాంటి చానల్ ఒకటి వచ్చేది. బంగారు అంగళ్ళ ప్రకటనలు, చీరల అంగళ్ళ ప్రకటనలు, నడుమ నడుమ ఎవరి పిల్లలకో పుట్టినరోజు శుభాకాంక్షలు, అంతకు మించి అందులో ఏమీ ఉండేది కాదు. జమ్మలమడుగులో మాకు కట్టెల బట్టీతో నడిచే బేకరీ ఉండేది. మా ఆయన రొట్టెలూ బన్నులూ కాల్చేవారు, నేను చర్చిలో ఆదివారం బడి పిల్లలకు చేతికి తొడుక్కునే గుడ్డబొమ్మలతో బైబిలు కథలు చెప్పేదాన్ని. చానల్ నడిపే ఆయన ఒకసారి కేకు కోసం వచ్చి, మా ఇద్దరి పనులూ చూసి, రెంటినీ కలిపి ఒక కేకుల పోటీ కార్యక్రమం చేద్దామన్నాడు. వంటలు అందరూ చూపిస్తున్నారు, మనం దయ్యాలను పెడదాం అన్నది మాత్రం మా ఆయనే. ఆయన బుర్ర అలాంటిది.

ఖాళీ మైదా సంచులు కత్తిరించి బొమ్మలు కుట్టాను. నెత్తిన కొబ్బరి పీచు, నోట్లో ఒకే ఒక్క పన్ను ఉన్న జేజి దయ్యం, అంటే అవ్వ దయ్యం, నాది. బట్టీకి కాపలా కాసే కొరివిదయ్యం మా మరిదిది. మేమిద్దరం బల్ల కింద కూర్చుని చేతులు పైకెత్తి మాట్లాడేవాళ్ళం, పైన కనిపించే మనిషి మా ఆయన ఒక్కరే. మా వైపు పండగ ముందు ఎవరి పిండి, ఎవరి చక్కెర, ఎవరి గుడ్లు వాళ్ళు తెచ్చుకుని బేకరీలో కాల్పించుకుపోవడం అలవాటు కదా, పోటీకి వచ్చే ఆడవాళ్ళూ అలాగే తెచ్చుకునేవారు. మాడిన కేకును అట్టతో చేసిన చిన్న శవపెట్టెలో పెట్టి కొరివిదయ్యం శోకాలు పెడుతూ సాగనంపేది. చివర్లో ప్రతి వారం జేజి దయ్యం మా ఆయనను అడిగేది, "ఏమప్పా, ఎప్పుడొస్తాండావు మా జట్టులోకి?" అని. ఆయన ప్రతిసారీ కొత్త సాకు చెప్పేవారు. "ఈ ట్రే దించి వస్తా పో జేజీ" అని ఒకసారి, "బన్ను పొంగలా, పొంగినాక చూస్తాం" అని ఒకసారి. ఏం చెప్పబోతున్నారో నాకూ ముందు తెలిసేది కాదు కాబట్టి బల్ల కింద నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. దయ్యాలను వెళ్ళగొట్టమన్నారు గానీ వాటికి ఉద్యోగాలిమ్మని ఎక్కడా చెప్పలేదని మా చర్చి అయ్యగారు విసుక్కునేవారు, విసుక్కుంటూనే బన్ను తీసుకునేవారు.

ఆఖరి పోటీ ఒక్కటే మిగిలి ఉండగా మా ఆయన పోయారు. పొద్దున మామూలుగానే లేచి, ఛాతీలో ఏదో పట్టేసిందన్నారు. ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక బట్టీ దగ్గర గొడవ మొదలైంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదన్న పట్టింపు తాతల నాడు మతం మారినా మావాళ్ళను వదల్లేదు. మా ఇల్లూ బేకరీ ఒకే గోడ. బట్టీ ఏమో ఏళ్ళ తరబడి ఆరింది లేదు, ఒక్కసారి చల్లారితే ఇటుకలు పగుళ్ళిచ్చి మొదటికి వస్తుందని మరిది భయం. శవం పక్కన కూర్చుని బట్టీ పొయ్యి కిందికి వస్తుందా రాదా అని పెద్దలు వాదించుకుంటుంటే నేను వింటూ ఉన్నాను. చివరికి మా పెదమామ, "ఇప్పుడు ఎలిగిచ్చేదేముందిరా, అది ఆరితే గదా" అని తీర్పు చెప్పాడు. సమాధిలో మట్టి వేయడానికి వచ్చినవాళ్ళకు ఆ బట్టీలో కాల్చిన బన్నులే పంచాం. బాగానే పొంగాయని ఎవరో అన్నారు.

చావు తరువాత చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికకు చానల్ ఆయన వచ్చి, ఆఖరి పోటీ మాట ఎత్తకుండా టీ తాగి వెళ్ళిపోయాడు. మాటలు అన్నవాళ్ళు వేరే ఉన్నారు. వారం వారం పిలిచి పిలిచి ఆ జేజి దయ్యమే మనిషిని తీసుకుపోయిందని వీధిలో అనుకోవడం నా చెవిన పడింది. నాకు కోపం రాలేదు గానీ ఒక సంగతి అర్థమైంది. నేను ఇక్కడితో ఆపేస్తే ఆ మాటే నిలిచిపోతుంది. అంత నవ్వించిన మనిషి ఊరికి దయ్యం పట్టుకుపోయినవాడిగా మిగులుతాడు. ఆఖరి పోటీ చేస్తానని కబురు పెట్టాను. నీకు గుండె రాయి అయిపోయిందని చెల్లెలు తిట్టింది. కావచ్చు. చేయగలనో లేదో మాత్రం నాకూ తెలియదు.

ఆ రోజు కొరివిదయ్యాన్ని పక్కన పెట్టి, బట్టీ ముందు మా ఆయన చోట మరిది నిలబడ్డాడు. పోటీలో మిగిలినవాళ్ళు ఇద్దరు, ప్రొద్దుటూరులో గుడ్డు ముట్టని కోమట్ల ఇంటి కోడలు ఒకరు, పులివెందులలో అంగన్‌వాడీ ఆయాగా పనిచేసే ఆమె ఒకరు. ఆ ఆయా భర్త కూడా చిన్న వయసులోనే పోయాడని మాకు ముందే తెలుసు. గుడ్డు లేని కేకే గెలిచింది. చివరి ప్రశ్న ఈసారి వద్దని అందరం ముందే అనుకున్నాం. అయినా అలవాటు పడిన నోరు ఊరుకోలేదు. "ఏమప్పా, ఎప్పుడొస్తాండావు" అని జేజి దయ్యం అడిగేసింది, అడిగి, ఆయన జవాబు కోసం ఎప్పటిలాగే ఆగింది. కెమెరా తిరుగుతూనే ఉంది. బల్ల కింద నా చేయి పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

అప్పుడు పులివెందుల ఆమె బొమ్మ వైపు తిరిగి, "ఆయప్ప మీ కాడికే వచ్చినాడు గదా జేజీ, నీకు కనపల్లేదా?" అంది.

ఎవరో అయ్యో అన్నారు. నేను ఆలోచించింది ఏమీ లేదు, జేజి గొంతే మాట్లాడింది. "యాడమ్మా, ఈడ శానా జనముండారు. ఒగాయప్ప మాత్రం వచ్చీ రాగానే బట్టీ యాడుందని అడిగి, ఇంత సన్న బట్టీనా అని మమ్మల్నందర్నీ తిట్టి పాయ." ముందు ఆమె నవ్వింది, తరువాత అందరూ నవ్వారు, మరిదీ నవ్వాడు, నవ్వి అక్కడే కట్టెల మీద కూర్చుని బోరుమన్నాడు. నాకు మాత్రం భుజం లాగుతోందని తెలిసింది, అంతే.

ఆ పోటీ చానల్లో క్రిస్మస్ వారంలో వచ్చింది. ఆ తరువాత దయ్యం తీసుకుపోయిందన్న మాట ఊళ్ళో మళ్ళీ వినలేదు. కూరగాయల అంగడిలో, బస్సులో, చర్చి మెట్ల మీద, ముక్కూ మొహం తెలియనివాళ్ళు సైతం నన్ను ఆపి, "ఏంమా, ఆయప్పకు ఆడ బట్టీ కుదిరిందా?" అని అడిగేవారు. కుదిరిందనో, మైదా మంచిది దొరకడం లేదనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. అలా కొన్నేళ్ళు ఆయన సంగతులు ఏరోజుకారోజు ఊరికి నేనే చేరవేశాను.

ఇప్పుడు ఆ చానల్ లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లు వచ్చాయి. మరిది కరెంటు ఓవెన్లు పెట్టాడు. గాజు అద్దాల వెనక క్రీము కేకులు, వాటి మీద మనుషుల ఫోటోలు. ఇంటి నుంచి పిండి తెచ్చుకునేవాళ్ళు లేరు. ఊరూ మర్యాద నేర్చుకుంది. నన్ను చూస్తే గొంతు తగ్గిస్తారు, ఆయన మాట ఎత్తకపోవడమే గౌరవమనుకుంటారు. నాకు ఆ రోజూ ఏడుపు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆయన కబుర్లు మాత్రం ఇంకా చాలా ఉన్నాయి. ఎవరూ అడగడం లేదు.