మా అమ్మ, నా ఫ్రేమ్‌వర్క్

తొంభైల చివర్లో గుంటూరులో నర్సింగ్ పీజీ చదివేటప్పుడు థీసిస్‌లో ఒకే ఒక్క పేజీ నా తల ప్రాణం తోకకు తెచ్చింది. దాన్ని కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఏది దేనికి కారణమో, మనం ఏం చేస్తే ఏం మారుతుందో డబ్బాలు గీసి, బాణాలతో కలిపి చూపించాలి. చూసేవాళ్లకు అదొక బొమ్మ. గీసేవాళ్లను అడగండి చెబుతారు.

మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ల దగ్గు, ఆయాసం నా అంశం. మూతికి గుడ్డ ఎలా కట్టుకోవాలో, దుమ్ము ఎలా తప్పించుకోవాలో వాళ్లకు నేర్పి, తర్వాత ఏమైనా తగ్గిందేమో చూడాలి. ఈ అంశం కోసం నేను లైబ్రరీకి పోలేదు. మా అమ్మ ఆ పనితోనే నన్ను చదివించింది. షెడ్డులో ఎండు కాయల కుప్ప ముందు కూర్చుని పొద్దస్తమానం ముచ్చికలు గిల్లేది. సబ్బుతో కడిగినా, మజ్జిగ పోసుకున్నా చేతుల ఘాటు పోయేది కాదు. అందుకే నాకు చిన్నప్పుడు అన్నం చెంచాతో పెట్టేది. జ్వరమొస్తే నుదుటికి మోచెయ్యి ఆనించి చూసేది, అరచెయ్యి తగలనిచ్చేది కాదు.

ఆ బొమ్మలో ఎక్కడో ఒకచోట అమ్మ ఉండాలని నా పట్టుదల. అంతకు మించి ఆ డిగ్రీ నుంచి నేనేమీ కోరలేదు.

మొదటిసారి 'పిల్లల్ని తాకలేకపోవడం' అని ఒక డబ్బా గీశాను. గైడ్ మేడమ్ దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టారు.

"దీన్ని దేంతో కొలుస్తావమ్మా?"

"కొలవడానికేముందండీ, అడిగితే చెబుతారు."

"నీ స్టడీ దగ్గు గురించి కదా. ఇది తీసెయ్యి."

తీసేశాను. ఛీ, ఇదేం చదువురా బాబూ అనుకున్నాను. దగ్గు డబ్బా ఇంకా ఉందిగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మకు దగ్గుకేం కొదవ! వాకిట్లోంచి వంటింట్లోకి నడిస్తే చాలు, ఆయాసం. పర్చూరు బస్సెక్కి ఇంటికెళ్లినప్పుడల్లా ఒకటే అడిగేది.

"ఏమే, నన్ను రాశావా?"

"రాస్తున్నానమ్మా."

"మా పిల్ల నా మీద పుస్తకం రాస్తంది," అని ఇరుగుపొరుగు వాళ్లకు చెప్పుకుని మురిసిపోయేది పిచ్చిది.

మళ్లీ గీశాను. వెనక్కి వచ్చింది. ఇంకోసారి గీశాను. ఈసారి మేడమ్, ఎవరి మీద స్టడీ చేస్తామో చెప్పే మొట్టమొదటి డబ్బా దగ్గరే ఆగారు.

"ఈ ఆడవాళ్లలో ఇప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిని మందులు వాడేవాళ్లు ఉండకూడదమ్మా. వాళ్లను కలిపితే, తగ్గింది నువ్వు నేర్పినందుకో మందుల వల్లో ఎట్లా చెప్తావు? అయినా అంత ముదిరాక మూతికి గుడ్డ కడితే ఏమొస్తుంది చెప్పు?"

అమ్మ ఎప్పటినుంచో ఆయాసానికి మందులు వాడుతోంది. పోట్లాడదామనుకున్నాను. కానీ ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నర్సును, నాకా మాత్రం తెలియదా? తెలిసీ, ఎవరూ ఆ మాట నా ముందు అనకపోతే చాలన్నట్టు ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. హాస్టల్ గదిలో ఏడుస్తూనే ఆ డబ్బాలో 'శ్వాసకోశ వ్యాధులు లేనివారు' అని చేర్చాను. మర్నాడు మేడమ్ సంతకం పెట్టారు. ఇప్పుడు చక్కగా కుదిరిందన్నారు కూడా.

ఆ శనివారం ఇంటికెళ్లాను. అమ్మ గోడకు చేరగిలబడి దగ్గుతోంది. కాస్త తెరిపివ్వగానే అడిగింది.

"అయిపోయిందా? నన్ను రాశావా?"

అమ్మకు చదువు రాదు. అబద్ధమాడితే పోయేదే. ఆడలేకపోయాను.

"లేదమ్మా. నిన్ను అందులో కలపకూడదంట."

అమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"పోన్లేవే," అంది. "నాకంటే ఎక్కువ బాధపడేవాళ్లు దొరికుంటారు. ముందు వాళ్ల సంగతి చూడు."