బీగం తీసినాకే పొయ్యి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం. కర్నూలు నుంచి ఓర్వకల్లు పోయే దారిలో, గుట్టల పక్కన కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలు. పెళ్ళిళ్ళకు వంట చేయడం నా వృత్తి. వంటమేస్త్రి అంటారు. సరుకులు చెప్పడం దగ్గర్నుంచి చివరి గుండిగ దించేదాకా పొయ్యిల దగ్గర జరిగేదానికి జవాబు చెప్పాల్సిన మనిషి అన్నమాట. నాతో పాటు పనిచేసే ఆడవాళ్ళ గుంపును బ్యాచ్ అంటాము. అందులో పెద్దది సుంకమ్మ. నన్ను అత్తా అని పిలుస్తుంది.

ఆ హాలు వంటశాల ఎట్లుండేదో ముందు చెప్పాలి. చుట్టూ ఎత్తు గోడలు, పైన రేకులు. భోజనాల హాల్లోకి పోవడానికి ఒక సన్నని సందు. గ్యాస్ సిలిండర్లు ఆ సందులోనే వరుసగా నిలబెట్టేవాళ్ళు. వెనక గోడకు ఒక ఇనుప గేటు. దానికి ఎప్పుడూ బీగమే. సందులో మంట లేస్తే లోపలున్నవాళ్ళకు ఆ గేటు తప్ప వేరే దారి లేదు.

ఆ ఎండాకాలం మొదట్లో హాలు యజమాని కొడుకు ప్రతాపు, మెడలో వేసుకునే బిళ్ళలు చేయించాడు. ఎవరిది ఏ బాధ్యతో తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతున్నారట. వైర్లు లాగే మాబు ‘ఎలక్ట్రికల్ ఇంజనీర్’ అయ్యాడు. షామియానాలు కట్టే ఓబులేసు ‘డెకరేషన్ డైరెక్టర్’ అయ్యాడు. నా చదువు మూడో తరగతితో సరి. తెలుగైతే కూడబలుక్కుంటాను గానీ ఇంగ్లీషు రాదు. నా బిళ్ళ మాబే చదివి చెప్పాడు. పైన ‘చెఫ్’, కింద ‘ఫైర్ సేఫ్టీ ఇన్‌చార్జ్’. అంటే నిప్పు ప్రమాదం రాకుండా చూసుకునే మనిషి.

“అవ్వా, మా అందరికంటే పెద్ద ఆఫీసరైపోతివి. ఇంగ నీకు సెల్యూట్ కొట్టల్లనా?” అని నవ్వాడు.

“సెల్యూట్ పక్కన పెట్టప్పా. నీ వైరు ఆ షామియానా గుడ్డకు ఆనుకోని ఉండాది. ముందు దాన్ని జరుపు” అన్నాను.

గుడ్డ ఓబులేసుది, అతన్నే జరపమను అన్నాడు మాబు. వైరు మాబుది, అతన్నే తీయమను అన్నాడు ఓబులేసు. సిలిండర్లు సందులోంచి జరపమంటే, తెచ్చే మనిషి తన పని దించిపోవడం వరకే అన్నాడు. వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. అందరూ కష్టపడి పనిచేసేవాళ్ళే.

“గుడ్డకు ఒకరుండారు, వైరుకు ఒకరుండారు. నిప్పు ఎవరిదప్పా?” అని అడిగాను.

మాబు వేలు నా బిళ్ళ వైపు చూపించాడు. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

దానికి చాలా ఏళ్ళ ముందు, ఆలూరు దగ్గర ఒక పెళ్ళిలో మా వదిన సంతోషమ్మ పోయింది. నాకు గరిటె పట్టడం నేర్పింది ఆమే. ఆ పెళ్ళికి ఒక గోడౌన్లో వంట పెట్టారు. గ్యాస్ ట్యూబు ఊడి మంట లేచింది. ముందువైపు ఉన్నవాళ్ళం బయటపడ్డాము. వెనక మసాలా నూరుతున్న ఆమె వెనక తలుపు దగ్గరికి పరుగెత్తింది. దానికి బయట బీగం వేసి ఉంది. ఆ బీగం ఎవరిదని పోలీసులు వచ్చినవాళ్ళనల్లా అడిగారు. నాది అన్న మనిషి ఒక్కరూ లేరు.

అందుకే బిళ్ళ చేత పట్టుకుని ప్రతాపు దగ్గరికి పోయాను. ఇది వేసుకుంటే నా మాట చెల్లుతుందా అని అడిగాను. నీ వంటశాల, నీ ఇష్టం అన్నాడు. అట్లయితే వెనక గేటు బీగంచెవి ఇమ్మన్నాను. అతను ఇబ్బంది పడ్డాడు. అంతకుముందు ఆ గేటులోంచే ఇత్తడి గుండిగలు పోయాయి. కుక్కలు దూరి మాంసం ముట్టుకున్నాయి. అది అబద్ధం కాదు. కొత్తిమీర కాడ పారేస్తేనే తిట్టే మనిషిని నేను. గుండిగ పోతే ఎంత బాధో నాకు తెలియక కాదు. వంట రోజు తీయిస్తాలే అన్నాడు. ఆ మాట మీద బిళ్ళ వేసుకున్నాను.

మా చర్చి సంఘంలోని యేసురత్నం కూతురి పెళ్ళి వచ్చింది. చర్చిలో పెళ్ళి, హాల్లో మధ్యాహ్నం భోజనం. బగారా అన్నం, పొట్టేలు కూర. తెల్లవారకముందే వచ్చి ఎర్రగడ్డలు తరిగాము, మాంసం కడిగాము, బియ్యం నానబెట్టాము. ప్రార్థన చేసుకుని పొయ్యి ముట్టించడం నా అలవాటు. ముందు గేటు చూశాను. బీగం అట్లే ఉంది. ప్రతాపుకు ఫోను చేయిస్తే, ఈ ఒక్కరోజుకు సర్దుకో అవ్వా, రేపు మాట్లాడదాం అన్నాడు.

అగ్గిపెట్టె కొంగున ముడివేసుకుని బోర్లించిన గుండిగ మీద కూర్చున్నాను.

“బీగం తీసినాకే పొయ్యి” అన్నాను.

ఎండ ఎక్కుతోంది. బియ్యం ఎక్కువ నానితే విరుగుతుంది. మాంసం ఆ వేడికి ఆగదు. సుంకమ్మ నా పక్కన కూర్చుని మెల్లగా అంది, “అత్తా, ఈ హాలు పోతే మనకు కూడు యాడిది?” ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. మా పనిలో సగం అక్కడే.

కాసేపటికి యేసురత్నం వచ్చాడు. కొత్త తెల్లచొక్కా చెమటకు తడిసిపోయింది. గొంతు పెంచలేదు.

“అక్కా, సంఘమంతా వస్తాండారు. ఆకుల ముందర కూకోబెట్టి వాళ్ళకు ఏం చెప్పల్ల?”

అతని ముఖం చూస్తే చెయ్యి అగ్గిపెట్టె మీదికి పోయింది. ఆడబిడ్డ పెళ్ళి. దాన్ని నేను పాడుచేస్తున్నానా అనిపించింది.

“సంతోషమ్మను నువ్వూ మోసినావు కదా, యేసురత్నం” అన్నాను.

అతను గేటు వైపు చూశాడు. ప్రతాపుకు ఫోను కలుపుకుంటూ వెనక్కు వెళ్ళిపోయాడు. ప్రతాపుతో ఏమన్నాడో నాకు తెలియదు. కాసేపటికి ప్రతాపే బండి మీద వచ్చాడు. నా ముఖం చూడకుండా బీగం తీసి, చెవితో సహా నా చేతిలో పెట్టాడు.

“ఒక్క గిన్నె పోయినా జవాబు నీదే” అన్నాడు.

“నాదే” అన్నాను.

గేటు దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టి పొయ్యి ముట్టించాను. భోజనం ఆలస్యమైంది. చుట్టాలు విసుక్కున్నారు. యేసురత్నం వాళ్ళ ముందు తల వంచుకుని తిరగడం సందులోంచి కనిపించింది. మంట ఏదీ లేవలేదు. గిన్నె ఏదీ పోలేదు. సాయంత్రం గుడ్డలు విప్పుతూ ఓబులేసు, ఏమీ కాలేదు కదా, అంత గలాటా దేనికి అవ్వా అన్నాడు. రెగ్యులేటర్లన్నీ కట్టేసి, పొయ్యి పొయ్యికీ చెయ్యి పెట్టి చల్లారిందని చూసుకుని, బీగం అప్పగించి వచ్చేశాను.

ఆ హాలు మళ్ళీ మమ్మల్ని పిలవలేదు. బిళ్ళ వెనక్కు పంపమని కబురొచ్చింది, పంపాను. బ్యాచ్ చెదిరిపోయింది. సుంకమ్మ ఒక మెస్సులో గిన్నెలు తోమడానికి కుదిరింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పై ఏడు ప్రతాపు ఆమెనే మేస్త్రిగా పిలిచాడు. తల వంచుకుని వచ్చి నన్ను అడిగింది. పొమ్మన్నాను. “బిళ్ళ ఇస్తారు, ఏసుకో. దాంతోపాటు ఏమడగల్లో నీకు ఎరుకే” అన్నాను.

ఇన్నేళ్ళ వంటలో నాకు తెలిసింది ఇంతే. ఇన్‌చార్జ్ అనే పేరు అడగకుండానే వస్తుంది. దానికి కావలసిన అధికారం అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే పేరు కూడా వద్దనాలి. వద్దన్నందుకు కూడు పోవచ్చు. నాకు పోయింది. పోదని ఎవరికీ చెప్పను.

మొన్న అదే హాల్లో ఒక పెళ్ళికి చుట్టంగా పోయాను. చెయ్యి కడుక్కుని వంటశాలలోకి తొంగిచూశాను. గేటుకు కుక్కలు రాకుండా గడియ మాత్రం పెట్టి ఉంది. బిళ్ళ గోడకు మేకుకు వేలాడుతోంది. సుంకమ్మ పొయ్యి ముందు నిలబడి అన్నం కలుపుతోంది. ఆమె కొంగు పిన్నుకు ఒక ఇనుప బీగంచెవి.

“అది ఎవరిదే?” అని అడిగాను.

ఆమె పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

“నాదే, అత్తా” అంది.