వెనక కూర్చునేవాళ్లు

స్కూటరు కొనేవాళ్లకు నేను చెప్పే సలహా ఒక్కటే. రంగు, బ్రేకులు అన్నీ తర్వాత చూసుకోండి. ఇన్సూరెన్సు కాగితం నింపేటప్పుడు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోకండి. ఈ సలహా విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

అరవైల్లో స్కూటరు కావాలంటే పేరు రాయించి ఏళ్ల తరబడి కాచుకోవాలి. నేను అనంతపురంలో గుమాస్తాని, ఇల్లు రాప్తాడు అవతల పల్లెలో. నా భార్య రాప్తాడు బడిలో పంతులమ్మ. రోజూ మూడు మైళ్లు నడిచేది. పేరు రాయించిన రోజే ఆమెకు మాటిచ్చాను, బండి రాగానే నీకా నడక తప్పిస్తానని.

బండి వచ్చింది. ఇన్సూరెన్సు ఏజెంటు మా అరుగు మీద కూర్చుని థర్డ్ పార్టీ తప్పదన్నాడు. మా నాయన ఉలిక్కిపడ్డాడు. మా ఊళ్లో పార్టీ అంటే ముఠా. ఒకరి గడ్డివాములు ఒకరు కాల్చుకునే రకం.

"ఉండే రెండు పార్టీలతోనే సస్తాండామప్పా. మూడోది యాడ తెస్తివి?"

ఏజెంటు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మన బండి తగిలి దోవన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే, వాళ్లే మూడో పార్టీ అని విడమరిచి చెప్పాడు.

"వెనక ఎవరన్నా కూచుంటారా అన్నా? కూచునేటట్టయితే వేరేగా రాసుకోవల్ల" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "ఏమప్పా, మా ఇంటి ఆడోళ్లు మొగుని నడుము పట్టుకోని ఊరంతా తిరుగుతారనుకున్నావా?"

ఆ గడిలో 'లేరు' అని రాశాను. ఇప్పుడైతే దాన్ని పిరికితనమంటాను. అప్పుడు మర్యాద అనుకున్నాను.

మాట మాత్రం నా పద్ధతిలో నిలబెట్టుకున్నాను. ఊరి చివరి ఇల్లు దాటేదాకా నేను బండి తోసుకుంటూ పోయేవాణ్ణి, ఆమె నాకేమీ కాని మనిషిలా దూరంగా నడిచి వచ్చేది. ఊరు కనుమరుగయ్యాక ఎక్కేది. ఎక్కాక ఆమె నవ్వడం వెనక నుంచి వినిపించేది.

ఆ ఏడు వానల్లేవు. పండిన కాసిని ఉలవలను, బండ్ల కింద నలిగి గింజలు రాలతాయని రైతులు తారురోడ్డు మీద పరిచారు. వాటి మీద చక్రం జారింది. నాకు మోచేయి గీసుకుపోయింది. ఆమె కాలు రెండు చోట్ల విరిగింది.

సరిగా అతకాలంటే బెంగళూరు తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. మాకు అంత స్తోమత లేదు. ఇన్సూరెన్సు కంపెనీవాళ్లు కాగితం తిరగేసి, వెనక కూర్చున్న మనిషికి మేం పూచీ కాదు అన్నారు. చివరికి కట్టు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. కాలు పొట్టిగా అతికింది. బడి మానేసింది.

కంపెనీ మోసం చేసిందని నాయన ఊరంతా చెప్పుకొచ్చాడు. నేనూ తలాడిస్తూ వచ్చాను. నా భార్య ఆ మాటే ఎత్తలేదు. తెలియదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో పడుకుని ఉండగా, పక్కింటామె ఆమెను పరామర్శిస్తూ కంపెనీ నాశనమైపోవాలని తిట్టింది. నా భార్య గొంతు పెంచలేదు.

"వాళ్లని అనొద్దక్కా. వాళ్లు అడిగినారు. ఆ పొద్దు నేను వాకిలెనకే ఉంటి. ఎవరూ లేరని రాసింది మా ఆయప్పే."