ఎర్ర చక్రం, పచ్చ చక్రం

ప్రింటింగు దుకాణంలో కిటికీ పక్క కుర్చీ బోర్డుల వదినది. ఆ వీధిలో సగం బోర్డులు ఆమె కంప్యూటరులో గీసినవే. వచ్చినవాళ్ళు మాట్లాడుతున్నంతసేపు ఆమె మౌసు ముట్టదు. స్క్రీను వాళ్ళవైపు తిప్పి, చెప్పింది వింటుంది. వినడం ఆ పనిలో సగమని ఆమెను చూస్తేనే తెలుస్తుంది.

ఒక ఉదయం అక్కచెల్లెళ్ళు వచ్చారు. ఇద్దరూ కలిసి సైకిళ్ళ రిపేరు దుకాణం పెడుతున్నారు. బోర్డు మీద రెండు చక్రాలు కావాలి. అక్కది ఎర్రది, చెల్లెలిది పచ్చది. బోర్డు ఇరుకు. చక్రాలు ఒకదానిమీదికి ఒకటి రాక తప్పదు.

“నాది ముందు పెట్టమ్మా,” అంది పెద్దామె, ఎదురు కుర్చీలో కూర్చుంటూ.

వదిన ముందు ఎర్ర చక్రం పెట్టింది. తర్వాత పచ్చది. పచ్చది ఎర్రదాన్ని కప్పేసింది.

“నాది ముందు పెట్టమన్నానా లేదా?”

“ముందే పెట్టానక్కా. కాగితాలు పేర్చినట్టే ఇది. ముందు పెట్టింది అడుగున పడుతుంది.”

“ముందు పుట్టినందుకు నీకదే రాసిపెట్టుంది,” అని చిన్నామె నవ్వింది. పెద్దామె నవ్వలేదు.

“పోనీ, పచ్చదాన్ని వెనక్కి పంపుతాను,” అంది వదిన.

చిన్నామె నవ్వు ఆగింది. “పంపు. దాంతోపాటు నేనూ వెనక్కే పోతా. నా దుకాణం నేనే పెట్టుకుంటా.”

“పోవే. పానా పట్టడం నేర్పింది ఎవరో గుర్తుంచుకుని పో.”

“నేర్పావులే. పంక్చర్లు వేసేది మాత్రం నేను.”

వదిన సర్దిచెప్పలేదు. ఎవరి పక్షమూ పట్టలేదు. చక్రాల్లో ఊచలు చెరిపేసింది. వట్టి అంచులు మిగిలాయి. అవి రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతున్నాయి, పైన ఒకచోట, కింద ఒకచోట. ఎర్ర అంచుకు నకలు తీసి, పైన దాటుకునే చోట వేలెడంత ముక్క ఉంచి, మిగతాది కోసేసింది. ఆ ముక్కను అన్నిటికంటే మీదికి తెచ్చింది. అతుకు కనబడలేదు. ఒకచోట పచ్చదాని మీదుగా ఎరుపు, ఇంకోచోట ఎర్రదాని మీదుగా పచ్చ. చక్రాలు గొలుసు కడియాల్లా ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి.

పెద్దామె స్క్రీను మీద వేలుపెట్టి ఎర్ర అంచు వెంట చుట్టూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

“ఇప్పుడెవరిది మీద?”

“ఇక్కడ నీది. అక్కడ తనది.”

పెద్దామె చెల్లెలి వైపు చూసి, కుర్చీలో కాస్త జరిగి చోటిచ్చింది. చిన్నామె కూర్చోలేదు. వంగి చాలాసేపు చూసింది.

“పచ్చ ఇంకాస్త ముదురు చెయ్యి వదినా,” అంది. “మా దుకాణం ఎండ తగిలే వైపు. వెలిసిపోతుంది.”