సక్కుబాయి రెండు కుండీలు

మా రాయదుర్గం ఆఫీసు డాబా మీద కూరగాయల మడులు పెంచేది సక్కుబాయి. పుట్టింది నానక్‌రాంగూడలో, వయసు యాభై ఐదు. మెడలో బ్యాడ్జీ వేసుకున్న వాళ్లెవరికీ ఆమె భయపడదు. మొక్క తొక్కితే మేనేజరైనా సరే చివాట్లు తినాల్సిందే.

ఈ ఏడాది ఫొటోల సరదాకి మడుల నిండా పొద్దుతిరుగుడు వేయించాం. పూలు అయిపోయాక, చెత్త బయటికి పోకూడదన్న పట్టుదలతో కాడలూ ఆకులూ సన్నగా నరికి మట్టిలో కలిపేశాం. ఆ ఘనకార్యానికి నాయకురాలిని నేనే, రసజ్ఞని. సక్కుబాయి ఆ రోజు సెలవులో ఉంది.

తరువాత ఆమె చల్లిన మెంతులు మొలవలేదు. మళ్లీ చల్లింది. అక్కడొకటి ఇక్కడొకటి వంకరగా లేచి వాడిపోయాయి. భవనం చూసుకునే శ్రీనివాసులు గారు పెదవి విరిచారు.

"ఆవిడకి వయసైపోయిందండి. వచ్చే సోమవారం మడులు తీసేసి ప్లాస్టిక్ గడ్డి పరిపించేస్తాను."

మడులు లేకపోతే ఆమెకు ఇక్కడ పనే లేదు. 

సక్కుబాయి పిడికెడు మట్టి తీసి చూసింది. కాడ ముక్కలు కనబడ్డాయి.

"గీ పని ఎవరు జేసిండ్రు?"

"నేనే" అన్నాను.

"నీ సదువు సల్లగుండ! పొద్దుతిరుగుడు కాడల్ల ఒక తీరు రసముంటది బిడ్డా. అది మట్టిల దిగితే వేరే మొలకను లెవ్వనియ్యది. ఆ పంట తీసిన చెల్కల మా నాయిన ఎంటనే ఏ విత్తనం ఏయకపోతుండె."

శ్రీనివాసులు గారు నమ్మలేదు. ఆమె ఊరుకుంటుందా? కొత్త మట్టితో రెండు కుండీలు నింపి, ఒకే డబ్బాలోని మెంతులు రెంటిలోనూ వేసింది. ఒకదానికి మామూలు నీళ్లు, రెండోదానికి కాడ ముక్కలు నానబెట్టిన నీళ్లు.

"సోమారం దాకా జర ఆగుండ్రి సారూ" అంది.

సోమవారం వస్తూనే డాబా మీదికి పరిగెత్తాను. మామూలు నీళ్ల కుండీలో మొలకలు కిటకిటలాడుతున్నాయి! రెండోదానిలో ఐదో ఆరో, అవీ తలలు వాల్చి. ఈల వేయాలనిపించింది, వేశాను కూడా.

శ్రీనివాసులు గారు రెండు కుండీలనూ మార్చి మార్చి చూసి, గడ్డివాళ్లను రావద్దని ఫోన్ చేశారు. సక్కుబాయి మా ఇద్దరికీ చెరో తట్ట అందించింది.

"ఇగ ముక్కలన్నీ ఏరుండ్రి."

మధ్యాహ్నం దాకా ఏరాం. చూసి నవ్విన వాళ్లు కూడా వచ్చి మా పక్కన కూర్చున్నారు. చివరికి శ్రీనివాసులు గారు నడుం పట్టుకుని లేచారు.

"మళ్లీ విత్తనాలు ఎప్పుడు వేద్దామండీ, సక్కుబాయి గారూ?"

ఆమె తలెత్తలేదు. నవ్వు మాత్రం ఆగలేదు.

"నేను జెప్పినప్పుడు."