ఇద్దరు సాక్షులు

కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సులో నేను వేళ్ల మీద కిలోమీటర్లు లెక్కేస్తుంటే పక్కసీటు కుర్ర పాస్టరు పలకరించాడు. అతని ఒళ్లో బైబిలు, తొలినాటి బోధకుడొకాయన ఒక యువ సంఘకాపరికి రాసిన ఉత్తరం దగ్గర తెరిచి ఉంది.

"అన్నా, మీరు లెక్కల మనిషి లెక్కున్నరు. సంఘపెద్ద మీద ఫిర్యాదొస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని గీడ రాసుంది. మా సంఘపెద్ద ఒక పిల్ల చెయ్యి పట్టి గుంజిండట. సూసినోళ్లు లేరు. పిల్ల ఒక్కతే చెప్తుంది. సాలదా?"

"ఒక్కరు ఇద్దరెట్ల అయితరు తమ్మీ?" అన్నాను. లెక్క తప్పలేదని నా ధీమా.

అతను పుస్తకం మూశాడు. "ఇయ్యాల సంఘం మీటింగుల గదే చెప్త. ఆ పిల్ల మా సెల్లె, అన్నా."

నేరేడుచర్లలో దిగిపోయాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి కేకేద్దామంటే పేరైనా అడగలేదు.